రెండు జడల సైగ

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఎనుముకు కూడా ఒక సైగ ఉండేది... నాకు మాత్రం లేదు.

ఐరాల దగ్గర పల్లె మాది. నాయన చెరకు పండించేవాడు. నా తర్వాత ఐదేళ్ళకు పుట్టింది మా చెల్లెలు వనజ. దానికి నడక ఆలస్యంగా వచ్చింది, మాట రానే లేదు. చెవులు బాగానే వినబడేవి. మనం చెప్పింది అర్థమయ్యేది, తను చెప్పాల్సింది చేతులతో చెప్పేది. ఆ సైగలు ఎవరూ నేర్పినవి కావు... అమ్మా, అదీ పొద్దంతా వంటింట్లో కూర్చుని కల్పించుకున్నవి.

బొటనవేలు నొక్కినట్టు ఆడిస్తే నాయన. ఆయన సైకిలు బెల్లు అన్నమాట. పిడికిలితో దంచినట్టు చేస్తే అవ్వ. ఆవిడ ఆకూవక్కా దంచుకుని నమిలేది. తలకు రెండు పక్కలా చేతులు వంచి పెడితే ఎనుము. అరచెయ్యి చెంపకు రుద్దుకుంటే పెరుగు. అది పెరుగెలా అయిందో మాకెవరికీ తెలియదు, అమ్మకు తెలుసు.

నా అసూయంతా అక్కడే...

నాతో అమ్మ మాట్లాడేది తక్కువ. "తింటివా? ఇంగ బడికి పో." అంతే. వనజతో మాత్రం సంగటి కెలికేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు ఒకటే ముచ్చట్లు. అది చేతులు తిప్పడం, అమ్మ నవ్వడం, "యాడికి పోతాదిలే, వస్తాది" అనడం... నేను లోపలికి అడుగు పెట్టగానే ఆ ముచ్చట ఆగిపోయేది.

"ఏమంటాండాది మా?" అని అడిగేదాన్ని.

"ఏం లేదులే. కాళ్ళు కడుక్కో పో."

క్లాసులో ఫస్టు నేనే. హిందీ కూడా వచ్చేది. వాళ్ళిద్దరి భాష మాత్రం పట్టుబడలేదు.

అమ్మ చంకలో ఎప్పుడూ అదే, ముద్దలు కలిపి తినిపించేదీ దానికే. వాటికి ఏడ్చి ఏడ్చి సర్దుకున్నాను. ఈ సైగల సంగతే మింగుడు పడలేదు. ఎవరెవరికి ఉన్నాయో వేళ్ళ మీద లెక్క వేసుకునేదాన్ని. పాలు పోయించుకునే ఆమెకు ఉంది. పక్కింటి పుంజుకు ఉంది. సొంత అక్కను, నాకు లేదు...

బడికి పోయే ముందు జడలు వేసేటప్పుడు మాత్రమే అమ్మ చేతులు నాకు దొరికేవి. అప్పుడు కూడా వనజ ఎదురుగా కూర్చుని నా రిబ్బన్లు పట్టుకుని ఉండేది. దువ్వెన చూస్తే ఏడుస్తుందని దాని జుట్టు పొట్టిగా కత్తిరించేసేవారు. ఒకరోజు అడిగేశాను.

"మా, అందరికీ ఉండాదే... నాకేదీ లేదా?"

అమ్మ రిబ్బను ముడి వేస్తూ, "నువ్వు దాని కండ్ల ముందరే ఉండావు గదమ్మీ. నీకెందుకు సైగ?" అంది.

తిన్నె మీద నుంచి అవ్వ అందుకుంది. "ఎనుముకుండాదని కుళ్ళుకుంటాండాది సూడు. నీగ్గూడా కొమ్ములు మొలవనీ, పెడతాదిలే."

ఆ రోజు బడి దాకా ఏడుస్తూనే పోయాను.

తర్వాత కొన్నాళ్ళకు, అయ్యవారికి జ్వరమొచ్చి మధ్యాహ్నానికే బడి వదిలేశారు. చెరకు తోట గట్టు మీదుగా అడ్డంగా నడిచి మా దొడ్డి వైపు వచ్చాను. వెనక వసారాలో అమ్మా, వనజా శెనక్కాయలు వలుస్తున్నారు. వాళ్ళు నన్ను చూడలేదు. మునగచెట్టు దగ్గర ఆగిపోయాను.

వనజ రెండు చేతులూ భుజాల మీద పెట్టుకుంది. అక్కడి నుంచి నెమ్మదిగా నడుము దాకా దువ్వుకుంది. చివర ముడి వేసినట్టు వేళ్ళు తిప్పింది. తర్వాత దారి వైపు చూపించింది.

దాని తల మీద బెత్తెడు జుట్టు కూడా లేదు...

"ఇంగా బెల్లు గొట్లేదు పాపా. కొడతానే వస్తాది" అంది అమ్మ.

వనజ మళ్ళీ దువ్వుకుంది. మళ్ళీ దారి చూపించింది.

"అక్క యాడికి పోతాదిలే, వస్తాది. ఈ కాయలు వలిసేలోపల వస్తాది."

అది మళ్ళీ అడిగింది. అమ్మ మళ్ళీ అదే చెప్పింది, విసుగు లేకుండా... రోజూ చెప్పి అలవాటైన మాటలా.

నా జడలు ముందుకు లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాను.

కాసేపటికి వనజ తల తిప్పి నన్ను చూసింది. చేతులు దించేసింది. నేను దగ్గరికి వెళితే ఒక శెనక్కాయ నా చేతిలో పెట్టి, మళ్ళీ తన పనిలో పడింది. అంతే. నేను ఎదురుగా ఉంటే ఇంక దానికి ఆ సైగతో పనేముంది?

ఇంకొక్కసారి చూడాలని ఆ తర్వాత ఎన్నిసార్లు మునగచెట్టు వెనక నక్కానో... ప్రతిసారీ దొరికిపోయాను.

అమ్మ పోయినప్పటి నుంచి వనజ తిరుపతిలో నా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు థెరపీలున్నాయి, బొమ్మల కార్డులున్నాయి, ట్యాబులున్నాయి. దాని ట్యాబులో నా ఫోటో పెట్టారు. వేలు పెడితే 'అక్క' అని పలుకుతుంది. ఇవన్నీ అప్పుడే ఉంటే అమ్మకు ఎంత సులువయ్యేదో...

నాకిప్పుడు రెండు జడలు లేవు. పలచబడిన ముడి ఒకటి మిగిలింది. అయినా నేను మార్కెట్టుకు వెళితే వనజ ట్యాబు ముట్టుకోదు.

"మా, ఈ రోజూ పిన్ని నీ జడలు దువ్వి గేటు చూపించింది. వస్తాదిలే అని చెప్తానే ఉన్నా" అంటుంది మా అమ్మాయి.

"ఒకసారి వీడియో తీయవే" అన్నాను.

"ఫోను ఎత్తితే సాలు, ఫోటోకి నవ్వతా కూర్చుంటాది మా."

అప్పుడు అమ్మను చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు నా కడుపున పుట్టినదాన్ని చూసి కుళ్ళుకుంటున్నాను. నా చెల్లెలు నన్ను పిలిచే పిలుపు ఇంట్లో అందరికీ కనబడుతుంది... ఒక్క నాకు తప్ప.

నిన్న కూరగాయల సంచితో వస్తూ, వీధి మొదట్లోనే చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. గేటు చప్పుడు కాకుండా తీసి, కిటికీలోంచి తొంగి చూశాను.

వనజ చేతులు అప్పుడే భుజాల మీద నుంచి దిగుతున్నాయి... నన్ను చూసేసింది.

మీరు ఇంట్లో లేనప్పుడు మీవాళ్ళు మిమ్మల్ని ఎలా తలుచుకునేవారో ఎప్పుడైనా చాటుగా చూశారా? చూసి ఉంటే ఇక్కడ రాయండి... మీ మీద కూడా కాస్త అసూయ పడతాను.