దక్షిణం గుమ్మం

పొద్దున్నే మా తమ్ముడు మాచర్ల నుంచి ఫోను చేసి, ఏందక్కా, ఈ ఏడు కూడా ఆ దక్షిణం గుమ్మం కొంపకేనా అని అడిగాడు. దానికే అన్నాను. వాడేదో గొణిగి పెట్టేశాడు గానీ, కాఫీ తాగినంతసేపూ నాకు కోపం చల్లారలేదు.

కొంప అంటే పోర్చుగల్లో ఒక పాత ఊళ్లో నాలుగు వందల ఏళ్లనాటి రాతి ఇల్లు, దాని గుమ్మమూ దక్షిణానికే. బడి పంతులమ్మగా రిటైరైన దగ్గర్నుంచి ఏటా వేసవిలో రెండు నెలలు దాని కింది వాటా అద్దెకు తీసుకుంటున్నాను. తోటి టీచర్లతో టూరుకి పోయినప్పుడు కాళ్ల నొప్పులకు ఆ ఇంటి ముందే చతికిలబడ్డాను. కూర్చున్న గడపరాయి నడుమ అరిగి పళ్లెంలా లోతుపడి ఉంది, చేత్తో తడుముతూ అక్కడే ఉండిపోయాను, ఎందుకంటే అట్లాంటి గడప మీదే నేను అక్షరాలు దిద్దాను.

మాచర్లలో మాది నాపరాళ్ల ఇల్లు. రోళ్లు పగిలే ఎండల్లో కూడా ఆ నేల మీద వట్టి వీపుతో పడుకుంటే ప్రాణం లేచొచ్చేది. గడప మాత్రం నాయనమ్మ రాజ్యం. చింతపండు గింజలు తీసినా, వచ్చేపోయేవాళ్లను పలకరించినా, మమ్మల్ని తిట్టినా అక్కణ్నించే. వరసగా రెండేళ్లు వానల్లేక మిరప ఎండిపోయేసరికి మా నాన్న వినుకొండ నుంచి వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన ఇంట్లోకైనా రాకుండా వీధిలోనే నిలబడి, దక్షిణం గుమ్మం, ఇంకేముంది, పడగొట్టండి అన్నాడు. వాన పడకపోతే గుమ్మమేం చేసిందిరా అని నాయనమ్మ అడిగింది. గునపాలు వచ్చిన రోజు గడప మీద కూర్చున్న ఆమెను మా నాన్నా బాబాయీ చెరో రెక్కా పట్టుకుని లేపారు.

తూర్పు ముఖంతో డాబా లేచింది, మరుసటేడు మిరప మళ్లీ ఎండింది. గడపరాయిని తెచ్చి మురుగు కాలవ మీద పరిచారు. నాయనమ్మ తిండీ నిద్రా కొత్తింట్లోనే గానీ, కూర్చోవాలంటే మాత్రం ఆ కాలవ మీది రాయి దగ్గరికే పోయేది, పోయేవాళ్లు ముక్కు మూసుకుని నవ్వినా లేచేది కాదు. కన్నుమూసేదాకా అంతే.

సొంతిల్లు పెట్టుకుని పరాయి దేశంలో అద్దె కడుతున్నానని మా చుట్టాలకు చానా బాధ. నా పెన్షను, నా ఇష్టం. అక్కడ ఇంటామె పై వాటాలో ఉండే ముసలమ్మ, ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు, సాయంత్రాలు ఇద్దరం గడప మీద కూర్చుని చిక్కుళ్లు వలుస్తాం. మొదటి ఏడు నేను గడపకు పసుపు రాస్తుంటే చూసి గదమాయిస్తుందనుకున్నాను, ఆమె వేలితో అద్దుకుని వాసన చూసి, మర్నాడు తన వాకిలికీ రాయమని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మాచర్లలో మా తమ్ముడు ఆ తూర్పు డాబాకు కూడా రెండుసార్లు గుమ్మం మార్చాడు, మొన్న ఈశాన్యం తగ్గిందని మెట్లు పీకించాడు. మా వీధిలో ఇప్పుడు నాపరాయి ఇల్లు ఒక్కటీ లేదు, అన్నిటికీ జారే టైల్సే, ఏసీ ఆగితే ఉడికిపోతాం. కాలవ మీది ఆ రాయి కూడా సిమెంటు రోడ్డు కిందికి పోయింది. ఊళ్లో అరిగిన గడప ఒకటి చూపించమంటే చూపించేవాళ్లు లేరు గనుకే అంత దూరం పోతున్నాను.

పెట్టె సర్దుకున్నాను, పసుపు డబ్బా పైనే పెట్టాను. నాయనమ్మను లేపినట్టు ఆ గడప మీంచి నన్ను లేపమనండి, చూస్తాను.