లేని ఫండుకు ఎనిమిది నెలల ప్రార్థన

ఆ రోజుల్లో జీతమనేది నెలకొక్కసారి కనబడి, మన వేళ్ళు తగిలేలోపే నలుగురి చేతులు మారిపోయే వస్తువు. ఈ రోజుల్లో కనబడటం కూడా లేదు, ఫోనులో ఒక చప్పుడు చేసి ఊరుకుంటోంది. మొన్న మా నేరేడ్‌మెట్ వీధిలోంచి కొత్తగా కానిస్టేబులుగా చేరిన కుర్రాడొకడు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. లడ్డూ నా నోట్లో ఉండగానే ఫోను నా ముక్కు ముందు పెట్టి, "జెర సూడు తాతా, ఎంత కోసిన్రో! ముప్పై ఏండ్ల తర్వాత ఇస్తరంట, ఇప్పుడే గుంజుకుంటున్రు. నేను ముసలోణ్ణయ్యేదెప్పుడు, ఇవి నా చేతికొచ్చేదెప్పుడు?" అని గోల. నాకు ఒళ్ళు మండింది. లడ్డూ మింగి, "నీ వయసులో నేను మొదటి నెల నుంచే ఫండుకు ఇరవై రూపాయలు కట్టినవాణ్ణి. ఒక్క నెల తప్పలేదు!" అని దులిపాను. వాడు సిగ్గుపడి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. వాడటు తిరిగాడో లేదో నాకు మా అక్క గుర్తొచ్చింది. ఉండి ఉంటే వాడి ముందే నా చెవి మెలిపెట్టేది. ఆవిడ లేదు గనక ఆ పని నేనే, ఈ కాగితం మీద, చేసుకుంటున్నాను.

పోలీసు చర్య అయిపోయి, నిజాంగారి సర్కారు స్థానంలో కొత్త సర్కారు వచ్చి, కొత్త పోలీసుల్ని చేర్చుకుంటున్న కాలం. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది మా అక్కా, బావా. లష్కర్‌లో (సికింద్రాబాదును మేమెవరమూ ఆ పొడుగు పేరుతో పిలిచేవాళ్ళం కాదు) రెండు గదుల ఇల్లు. బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్క చర్చి బడి పిల్లలకు గౌన్లు కుట్టేది. కుట్టుమిషను మాత్రం కిరాయిది. ఆమె కుట్టిన రెండు గౌన్లలో ఒకటి కిరాయికే సరి. సొంత మిషను కొనుక్కోవాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక, నాకు నౌకరీ దొరికితే అది తీరుతుందన్నది ఆమెకున్న ఒకే ఒక్క పొరపాటు.

నేను ఎంపికై వచ్చిన రోజున బావ కాళ్ళు కడుక్కుంటూ, "జీతమెంతరా?" అని అడిగాడు. ఆయన జీతం యాభై అయిదు. నాకు ఇరవై ఏళ్ళు. అప్పటిదాకా ఆయన అన్నం తిని, ఆయన బనియన్లు తొడుక్కుని తిరిగినవాణ్ణి. నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని, "అరవై" అంది. "హాలీలనా, కల్దార్లనా?" అన్నాడు బావ. (ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. అప్పుడు మాకు రెండు రకాల రూపాయలుండేవి. నిజాంగారిది హాలీ, ఇండియా సర్కారుది కల్దారు. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లొచ్చేవి. ఏ అంకె చెవిన పడినా ముందు ఈ ప్రశ్న అడగడం లష్కర్ వాళ్ళకు ఊపిరి పీల్చడం లాంటిది.) "కల్దార్లే" అన్నాను. అబద్ధం ఎలాగూ మొదలుపెట్టాక చిల్లర దగ్గర పిసినారితనమెందుకు? అసలు సంగతి నలభై రెండు హాలీలు. అంటే ముప్పై ఆరు కల్దార్లు.

ఆ నలభై రెండైనా చేతికొచ్చాయా? మొదటి జీతం రోజున పోలీసు లైన్లలో రంగ్రూట్లమందరం, అంటే కొత్తగా చేరినవాళ్ళం, ఒక వరసలో నిలబడ్డాం. బల్ల అవతల మున్షీ సాబు, మా జీతాల గుమాస్తా, మంచి మనిషే కాని ఆయన కలం మాత్రం కత్తి. మెస్సుకు కోత, ధోబీకి కోత, హజామ్‌కు కోత (తలమీద ఏమీ మిగల్చనందుకు ఎదురు డబ్బులేమిటో నాకిప్పటికీ అర్థం కాదు), బూట్లకు, కంబళికి, ఆ బూట్లు తుడిచే గుడ్డకు కోత. సంతకం నలభై రెండుకు పెట్టించుకుని, అరచేతిలో ఇరవై నాలుగు పెట్టాడు. "బాకీ?" అన్నాను. "బాకీ నీ ఒంటిమీదున్నది బేటా, తొడుక్కున్నవ్ కదా" అన్నాడు.

అందులో పది అక్క చేతిలో పెట్టాను. ఆమె నాణేలు తిప్పి చూసింది. "ఇవి హాలీలు కదరా?" "ఖజానాల కల్దార్లు అయిపోయినయంటక్కా, వచ్చే నెల ఇస్తరంట." "సరే, అరవైల పదేనా?" ఆ పొద్దున బారకాసులో పాత జవాన్లెవరో ఫండు గురించి మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆ మాట నన్ను ఆదుకుంది. "మెస్సూ బూట్లూ పోను, నెలకు ఇరవై సర్కారే దాస్తదక్కా. ఫండు. నా ముసల్తనానికి." అక్క నన్ను కిందినుంచి మీదికి చూసింది. "ఇరవై ఏండ్లోనికి ముసల్తనమేందిరా? మీసం సుత సక్కగ రాలె! నీ ముసల్తనం నేను సూస్తగాని ఆ ఇరవై నాకియ్యమను." ఇయ్యరు అని చెప్పాను. సర్కారు మీద విసుక్కుంది, నామీద కాదు. అదీ నా తెలివి.

కాని ఆ ఫండును ఆమె ఊరికే వదల్లేదు. గౌన్ల మీద గీతలు గీసే సుద్దముక్కతో తలుపు వెనక నెలకొక గీత పెట్టడం మొదలుపెట్టింది. అన్నం ముందు చేసే ప్రార్థనలో బావ వర్క్‌షాపు, తన కళ్ళు, ఊళ్ళో జబ్బువాళ్ళు అయ్యాక, "మా తమ్ముని ఫండును సల్లగ సూడు ప్రభువా" అని కలిపేది. నేను ఆమెన్ అనాల్సి వచ్చేది. బావ మాత్రం ఆ ఒక్క వాక్యం దగ్గర కళ్ళు తెరిచి నావైపు చూసేవాడు. నేను మూసుకునేవాణ్ణి. మిగిలిన పద్నాలుగు ఏం చేశావంటారా? తోటి రంగ్రూటు ఒకడి తల్లికి జబ్బు చేస్తే సగానికి సగం... ఆగండి. ఇది ఆ కాలంలో చాలామందికి చెప్పాను కనక కలం అలవాటుగా అటు పోయింది. కిరాయి సైకిలు, ఇరానీ హోటల్లో చాయ్ సమోసా, బయస్కోపు, ఒక జత నల్ల కళ్ళద్దాలు. అంతే.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి తింటున్నాం. బావ ఎముక పక్కన పెడుతూ, ఎవరితోనూ కానట్టు, "ఫండుంటే దాని మీద అప్పు సుత ఇస్తరు. మా షాపుల ఎంతమంది తీసుకున్నరో" అన్నాడు. అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచి తలుపు వెనక్కి వెళ్ళింది. ఎనిమిది గీతలు, ఎనిమిది ఇరవైలు. "నూట అరవై!" అని అక్కణ్ణుంచే కేక. మర్నాడు నేను లైన్లలో కవాతు చేస్తుంటే ఆమె తిరుమలగిరి వెళ్ళి, దేశం విడిచి పోతూ సామానంతా అమ్మేస్తున్న ఒక దొరసాని దగ్గర కుట్టుమిషను తొంభై కల్దార్లకు బేరం చేసి, పది బయానా ఇచ్చి వచ్చింది. ఆ పది ఆమె ఎన్నేళ్ళుగానో దాచుకున్నవి, ఇంకేమీ లేవు. ఒకటో తారీఖు సాయంత్రానికి మిగతా ఎనభై ముట్టకపోతే మిషనూ పోతుంది, బయానా కూడా పోతుంది.

ఆ నెల నేను పడ్డ తక్లీఫ్ శత్రువుకు కూడా వద్దు. సెలవు దొరికి ఇంటికెళ్తే చాలు, గుమ్మంలోనే మొదలు. "దరఖాస్తు పెట్టినవా?" "పెట్టిన." "ఏమన్నరు?" "ఫైలు ఉర్దూల ఉన్నదక్కా, ఇంగ్లీషుల రాస్తున్నరు." (ఆఫీసులన్నీ అప్పుడు నిజంగానే భాష మార్చుకుంటున్నాయి. నా అబద్ధాలకెప్పుడూ ఇలా ఒక నిజం కాలు ఉండేది.) వారం పోయాక, "రాసే సాబుకు జ్వరమంట." ఇంకో వారం పోయాక, "జ్వరం తగ్గలేదా?" "తగ్గిందక్కా, కాని బదిలీ అయిండు." అక్క పళ్ళు నూరి, "ఎక్కడి మనిషిరా వాడు! పేరేందో చెప్పు, ప్రార్థనల పెడ్త" అంది. లేని ఫండుకు లేని సాబు తోడయ్యాడు. ఇంకొక్క వారం ఉంటే ఆయనకు పెళ్ళాం పిల్లలు కూడా పుట్టేవాళ్ళు.

ఒకటో తారీఖు పొద్దున జీతాల వరసలో నిలబడి ఉండగా గేటు దగ్గర గొడవ వినబడింది. చర్చికి కట్టే తెల్ల చీర, చేతిలో నల్ల గొడుగు. అక్క. కాపలా జవాను అడ్డం నిలబడితే, "లోపలున్నయి నా తమ్ముని పైసలు, నీయి కావు. జరుగు" అంది. జరిగాడు. నేరుగా బల్ల దగ్గరికొచ్చి, గొడుగు దానిమీద పెట్టి, "సాబ్, వీని ముసల్తనం నేనే సూసుకుంట, కాగితం మీద రాసిస్త. వీని ఫండుల నూట అరవై ఉన్నది. అండ్లకెళ్ళి ఎనభై అప్పియ్యుండ్రి. దొరసాని పొద్దుమీకి బండెక్కుతది" అంది.

మున్షీ సాబు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "ఏ ఫండ్ అమ్మా? రంగ్రూటుకు ఫండ్ కహాఁకా? వీనిది కచ్చా నౌకరీ. ఏడాది నిండాలె, పక్కా కావాలె, గప్పుడు ఫండ్ షురూ." అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అనుమానం ఉండకూడదని రిజిస్టరు తిప్పి, నా పేరు కింద వేలు పెట్టి, మైదానమంతా వినబడేలా చదివాడు: "తన్ఖా నలభై రెండు హాలీ. మెస్సు, ధోబీ, హజామ్, బూట్లు, కంబళి... ఇగో, జరిమానా రూపాయిన్నర. బయస్కోపుకు పోయి గోడ దూకినందుకు. ఇది రెండుసార్లున్నది."

అప్పుడు నేను వరసలోంచి ముందుకొచ్చి, అందరి ఎదుటా అక్క కాళ్ళమీద పడి నిజం ఒప్పుకున్నాను. ఇలాగే ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి నేనన్నది ఇది: "మున్షీ సాబ్, ఇంకో రిజిస్టర్ ఉంటదేమో, అండ్ల సూడుండ్రి."

వరసంతా గొల్లుమంది. అక్క నవ్వలేదు, తిట్టలేదు. తలుపు గీతల్ని ఒక కాగితం మీద ఎక్కించుకుని తెచ్చినట్టుంది, ఆ కాగితం విప్పి చూసుకుంది. "అయితే సాబ్, ఎనిమిది నెలలసంది నేను దేన్ని సల్లగ సూడమని దేవునికి చెప్తున్న?" అంది. మున్షీ సాబు లేచి తన కుర్చీ ఆమెకిచ్చి, చాయ్ తెప్పించాడు. మాకు కవాతు నేర్పే ఉస్తాదు నా చేతికి తుపాకీ ఇచ్చి, దాన్ని తలమీదికెత్తి మైదానం చుట్టూ పరిగెత్తమన్నాడు. ఎర్రటి ఎండలో పది చుట్లు. (అక్క ఎప్పుడూ నాలుగే అనేది. నాలుగే. మూడయ్యాక ఉస్తాదు జాలిపడి, "బస్, చాలునా అమ్మా?" అని అడిగితే, చాయ్ ఊదుకుంటూ, "ఇంకోటి కానియ్యి అన్నా" అంది.)

ఇంటిదాకా నడిచాం. గొడుగు ఆమెది, ఎండ నాది. బయానా పది రూపాయలు పోయాయి, మిషను పోయింది, రేపట్నుంచి మళ్ళీ కిరాయి. ఆ నడక కన్నా ఇంకో పది చుట్లు నయమనిపించింది. (ఇది పెంచి చెప్పడం లేదు.) గుమ్మం ఎక్కేసరికి లోపల బావ నేలమీద కూర్చుని ఉన్నాడు, ఎదురుగా దొరసాని మిషను. నూనె వేస్తున్నాడు. అక్క చక్రం మీద చెయ్యి పెట్టి, ఒకసారి తిప్పి చూసింది. బయానా ఇచ్చిన రోజే బావ తన ఫండు మీద అప్పుకు దరఖాస్తు పెట్టాడట. ఆయనది ఉన్న ఫండు.

"నాకు మొదటి రోజే ఎరుకరా" అన్నాడు, తలెత్తకుండానే. "మా షాపుల సుత కచ్చా నౌకరోనికి ఫండుండదు."

"మరి చెప్పలేదేంది బావా?"

"నువ్వే చెప్తవేమోనని ఆగిన. చెప్పెతందుకు తొవ్వ సుత చూపెట్టిన, అప్పు మాటెత్తి. నువ్వు జ్వరపు సాబును తెచ్చినవ్."

ఉస్తాదు తుపాకీ ఇంకా తలమీదే ఉన్నట్టనిపించింది. ఆ అప్పు తీరేదాకా నెలకు అయిదు బావకు కట్టాను. నల్ల కళ్ళద్దాలు బావ జప్తు చేసుకుని వర్క్‌షాపుకు పెట్టుకుపోయేవాడు, ఆయనకే బాగుండేవి. నా నౌకరీ ఏడాది నిండి పక్కా అయిన రోజున అక్క మళ్ళీ అదే చీరలో, అదే గొడుగుతో లైన్లకొచ్చింది. ఫండుకు నెలకెంత కోయమంటావని మున్షీ సాబు అడిగితే నేను "రెండు" అన్నాను. అక్క "నాలుగు రాయుండ్రి సాబ్" అంది. నన్నడగలేదు, ఆయన కూడా నన్నడగలేదు. నేను పోతే ఆ డబ్బు ఎవరికివ్వాలన్న చోట ఆమె పేరు రాయించాను. ఇంటికెళ్ళి అక్క ఆ పాత ఎనిమిది గీతలూ తడిగుడ్డతో తుడిచేసి, సుద్దతో కొత్తగా ఒకటి గీసింది.

ఆ తర్వాత హాలీ రూపాయి ఊళ్ళోంచే పోయింది, మా ఇంట్లోంచి పోలేదు. నేను దొంగను పట్టానన్నా, పైఅధికారి మెచ్చుకున్నాడన్నా, వంకాయలు చవగ్గా తెచ్చానన్నా అక్క అడిగేది ఒక్కటే: "హాలీలనా, కల్దార్లనా?" నేను గొణుక్కుంటూ ఏడో వంతు తగ్గించి చెప్పేవాణ్ణి. రిటైరై ఫండు డబ్బు తెచ్చుకున్న రోజున కూడా, అప్పటికి బావ లేడు, ఆమెకు చూపు ఆనడం లేదు, ఆ మిషను పక్కనే కూర్చుని, "ఎంతొచ్చిందిరా?" అంది. నాలుగైదు వేలు కలిపి చెప్పాను. "హాలీలనా?" అంది. విసుగొచ్చింది. అరవైకి దగ్గరపడ్డవాణ్ణి, అప్పటికి మనవళ్ళున్నవాణ్ణి! కోసేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "గంతొచ్చిందా!" అని నోరు తెరిచింది. నా నిజం విని ఒకరు ఆశ్చర్యపోవడం అదే మొదటిసారి.

అందుకే మొన్న ఆ కుర్రాడు వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర చెప్పుల కోసం ఆగితే, నేను కూడా అరుగు మీద కాసేపు ఆగాను, ఏమైనా అడుగుతాడేమోనని. "నిజంగ ఇరవై కట్టినరా? గ్రేట్ తాతా!" అని బండెక్కాడు. పాపం, వాడికి తెలిసింది ఒక్క రకం రూపాయే.