ఫిల్టర్ స్పాంజి రంగు

ఇవాళ మా పాపకు ఫైటర్ చేప కొంటుంటే షాపతను చెప్పాడు: "ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద ఉతికేయకండి సార్. ఆ గోధుమరంగు మురికి కాదు, చేపను కాపాడే బాక్టీరియా."

కిరందుల్ ఇనుప గనుల క్వార్టర్స్ నేస్తాలూ, చిన్నప్పుడు మన ఇళ్లలో రంగు మారినదేదైనా గని దుమ్మే కదా! కర్టెన్లు, దిండు గలీబులు, నాన్న చొక్కా కాలర్లు, అన్నీ అమ్మ చేతిలో తెల్లబడాల్సిందే. నాన్న విశాఖ నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన నీలం ఫైటర్ తొట్టిలోని స్పాంజి కూడా. చేప రొప్పుతున్న కొద్దీ, దుమ్ము పోలేదనుకుని అమ్మ దాన్ని మళ్లీ ఉతికేది.

చేప తేలిపోయిన పొద్దున, తెల్లటి స్పాంజి చేత్తో పట్టుకుని నన్నడిగింది: "ఇంత శుభ్రంగా ఉంచితే ఏటైపోనాదిరా దీనికి?"

ఇన్నేళ్లకు జవాబు దొరికింది. ఫోన్ తీశాను గానీ, అమ్మకు చెయ్యకుండా ఇదిగో మీకు రాస్తున్నాను.