అందరిలోకి సన్నని వేలు

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది నేను హజీరాలోని ఒక భారీ ఇంజనీరింగ్ కంపెనీలో క్వాలిటీ విభాగానికి డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని. రిఫైనరీలకు వెళ్లే ప్రెషర్ వెసల్స్, అంటే లోపలి పీడనాన్ని తట్టుకునే భారీ ఉక్కు పాత్రలు, తయారయ్యే చోటు అది. నా సంతకం పడందే ఏదీ గేటు దాటేది కాదు కాబట్టి నన్ను తిట్టుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ జనవరిలో నన్ను ఒక చిత్రలేఖన పోటీకి న్యాయనిర్ణేతగా వేస్తూ హెచ్.ఆర్. నుంచి ఉత్తర్వు వచ్చింది. బొమ్మలకూ నాకూ ఏం సంబంధమని విసుక్కున్నాను. అంశం చూశాక నోరు మూసుకున్నాను. తయారీ రంగంలో ఉద్యోగాలు, వాటిలో గణితం.

నగరంలోని పదో తరగతి పిల్లలకు పెట్టిన పోటీ అది. మొదటి బహుమతి ఒక సీటు. మా టూల్ రూమ్‌లో, అంటే అచ్చులూ పనిముట్లూ తయారుచేసే విభాగంలో, డిప్లొమా శిక్షణ, ఖర్చంతా కంపెనీదే. నాతో పాటు హెచ్.ఆర్. అధికారి పారుల్‌బెన్, కాలేజీలో చిత్రకళ బోధించే కిశోర్‌భాయ్ న్యాయనిర్ణేతలు. పిల్లల పేర్లు కనబడకుండా కాగితం అంటించారు. ఎవరికి వారు పదికి మార్కులు వేయాలి. ముగ్గురి సగటు ఎవరికి ఎక్కువైతే సీటు వారిది. బడులకు పంపిన నిబంధన అదే.

చాలామంది రోబోలు గీశారు, పళ్ల చక్రాలు గీశారు, ఖాళీ కనబడినచోటల్లా సూత్రాలు నింపారు. ఒక్కటి మాత్రం ఉత్త పెన్సిల్ బొమ్మ. రెండు రోలర్లు, వాటి ముందు ఇనప జాలీ, జాలీ సందు దగ్గర ఆగిపోయిన ఒక పెద్ద చెయ్యి. సందు పక్కన ఒకే ఒక కొలత, దాని కింద తెలుగులో 'మా అమ్మ చిటికెన వేలు' అని రాసి ఉంది. ఈ గుజరాతీ నగరానికి మిల్లు పనులకు వలస వచ్చినవాళ్ల పిల్లలు చదివే తెలుగు మీడియం బడి పిల్లదని తెలిసిపోయింది. నేను తొమ్మిది వేశాను. పారుల్‌బెన్ కూడా తొమ్మిదే వేసింది. చెయ్యి నిష్పత్తి తప్పని కిశోర్‌భాయ్ రెండు వేశారు. సగటు తీస్తే, ముగ్గురూ ఏడూ ఎనిమిదీ వేసిన ఒక రోబో బొమ్మ ముందుకొచ్చింది.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఒకే ముక్కను ముగ్గురు కొలిస్తే, కొలతలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే సగటుకు విలువ. ఎక్కువకూ తక్కువకూ మధ్య ఉన్న తేడాను రేంజ్ అంటాం. అది హద్దు దాటితే సగటు రాయం, మళ్లీ కొలుస్తాం. తప్పు ముక్కలో కాక కొలిచే పద్ధతిలో ఉండవచ్చు. ఈ బొమ్మనూ మళ్లీ చూడాలన్నాను.

పారుల్‌బెన్ ఒప్పుకోలేదు. బొమ్మ మీద తెలుగు ఉంది, మీరు తెలుగువారు, బయట ఏమనుకుంటారు అని అడిగింది. ఒళ్లు మండింది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కొలత తీసుకున్నాక హద్దులు మార్చకూడదని జీవితమంతా కుర్రాళ్లకు చెప్పినవాణ్ణి. అందుకని సగటు నిబంధన అలాగే ఉంచి, తేడా ఎక్కువ వచ్చిన బొమ్మలన్నిటినీ గీసినవాళ్లను పిలిపించి చూద్దామన్నాను. నా మార్కు మార్చను, నేను నోరు మెదపను, కిశోర్‌భాయే అడుగుతారు. దానికి ఇద్దరూ సరేనన్నారు. అలాంటివి రెండే తేలాయి. మొదటి దానికి మార్కులు మారలేదు.

రెండో బొమ్మ శ్రావణిది. తండ్రి రాజేశంతో వచ్చింది. ఆయన నగరంలోనే పాండేసరలో, బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో పనిచేస్తాడు. సగం రోజు సెలవు పెట్టి వచ్చానని, పదో తరగతి అయ్యాక పిల్లను ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పనిలో కూర్చోబెడతానని, ఈ పిలుపులు ఎందుకో తెలియడం లేదని పారుల్‌బెన్‌తో హిందీలో చెప్పాడు.

కిశోర్‌భాయ్ గుజరాతీలో అడిగారు, పిల్ల గుజరాతీలోనే తడుముకోకుండా చెప్పింది. ఇందులో ఉద్యోగం ఏదమ్మా అంటే, ఈ జాలీ తయారుచేయడమే అంది. తడిగుడ్డను పిండే రోలర్ల మధ్యకు గుడ్డ పోవాలి, వేలు పోకూడదు. అందుకని వాళ్ల గల్లీలో మిల్లుకు వెళ్లేవాళ్ల వేళ్లన్నీ కొలిచింది. వాటి సగటు తీశావా అని ఆయన అడిగారు. సందు సగటంత పెడితే అమ్మ వేలు లోపలికి పోతుందని, అమ్మ కూడా అదే మిల్లులో పనిచేస్తుందని చెప్పింది. మరి నాన్న వేలు ఏదన్నారు ఆయన. పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, జర చెయ్యి చూపియ్యి."

రాజేశం కుడి చెయ్యి వచ్చినప్పటి నుంచీ ప్యాంటు జేబులోనే ఉంది. "గదెందుకే గిప్పుడు," అన్నాడు నేల చూస్తూ.

"నీది ఎందుకు కొలవలేదో సారుకు తెల్వాలె గద."

ఆయన చెయ్యి బయటికి తీశాడు. చూపుడు వేలూ మధ్య వేలూ సగానికే ఉన్నాయి. మాట్లాడనని మాట ఇచ్చి ఉండటం మంచిదే అయింది.

వాళ్లను బయట కూర్చోబెట్టాక కిశోర్‌భాయ్ బొమ్మను చాలాసేపు చూశారు. చెయ్యి నిష్పత్తి ఇప్పటికీ తప్పేనన్నారు. రెండు కొట్టేసి ఆరు వేశారు. బొమ్మకు రెండే, మిగతా నాలుగూ లెక్కకు అని పక్కన రాశారు. పారుల్‌బెన్ మళ్లీ సగటు తీసింది. కొద్ది తేడాతో సీటు శ్రావణిది.

ఆ మాట వాళ్లకు చెప్పాం. రాజేశం కూతురి వైపు చూసి, "నీకు రాళ్ల పని వద్దని మీ అమ్మకు చెప్పు ఇగ," అన్నాడు. మాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. వెళ్లేటప్పుడు కుడి చేతిని జేబులో పెట్టుకోలేదు.

ఉద్యోగంలో మిగిలిన ఆ కొద్ది నెలలూ, సగటు బాగుందని నా బల్ల మీదికి వచ్చిన ఏ నివేదిక మీదా నేరుగా సంతకం పెట్టలేదు. అన్నింటికంటే చిన్న అంకె ఏది, అది ఎవరిది అని ముందు అడిగేవాణ్ణి. ఆ మనిషిని పిలిపించి విన్నాకే కలం తీసేవాణ్ణి.