స్టెమ్ సెల్ క్యాంపులో నజీర్ అడిగింది

2016 జూన్. భద్రాచలంలో ఒక సర్కారు దవాఖానాలో నేను ఫిజియోథెరపిస్టుని. మందుల కౌంటర్ వెనక ఉన్న పొడుగాటి గది నాది. పారలల్ బార్లు, అంటే రెండు చేతులా పట్టుకుని నడక సాధన చేసే ఇనుప కడ్డీలు, ఒక చెక్క బల్ల, టకటకలాడే పాత ఫ్యాను. తర్వాత ఆ గదిని పడగొట్టి నాకు వేరేచోట ఏసీ గది ఇచ్చారు. మంచిదే, కాదనను. కానీ కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ పాత గదే కనిపిస్తుంది. బల్ల మీద పడుకుని ఆపకుండా వాగుతున్న నజీర్ కనిపిస్తాడు.

వాడికి అప్పుడు పదకొండేళ్లు. గోదావరి వంతెన అవతల సారపాక నుంచి వాళ్లమ్మ షమీమ్ షేర్ ఆటోలో తీసుకొచ్చేది. తండ్రి ఖాజా పేపరు మిల్లు నర్సరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. నజీర్‌కి ఉన్నది మస్క్యులర్ డిస్ట్రఫీ. పుట్టుకతో వచ్చే జబ్బు, ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. కండరాలు ఏటికేడు బలం కోల్పోతాయి. నేను చేయగలిగింది స్ట్రెచింగ్, అంటే బిగుసుకుపోయే కీళ్లను మెల్లగా సాగదీయడం. కాళ్లకు దన్నుగా ఇనుప పట్టీల క్యాలిపర్లు కట్టడం. నయం చేయడం నా చేతిలో లేదు, అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు.

"ఈ ఇనుప చెప్పులేసుకొని ఉరకరాదు గదా మేడం, అందుకే మా టీంకు నేనే అంపైర్. మొన్న మా బాబాయ్ కొడుకును రెండుసార్లు ఔటిచ్చిన," అనేవాడు.

"న్యాయంగానేనా?"

"ఒక్కసారి."

వాడు అంత వాగుడుకాయ అయితే, షమీమ్ నోరే విప్పేది కాదు. తలుపు దగ్గరే నిలబడి ఉండేది. కారణం నాకు చాలా రోజులకు ఖాజా చెప్పాడు. ఎవరో డాక్టరు, ఇది తల్లి ద్వారా వచ్చే జబ్బు అన్నాడట. చాలా కుటుంబాల్లో అది నిజమే. ఆ మాట ఎర్రుపాలెంలో ఉండే అత్తగారి చెవిన పడింది. మా ఇంటా వంటా లేని రోగాన్ని నువ్వు తెచ్చిపెట్టావని ఆవిడ పదిమందిలో అనేసింది. అప్పటినుంచి షమీమ్ రంజాన్‌కి కూడా ఆ గడప తొక్కలేదు.

ఆ చలికాలంలో ఒకరోజు ఆమె తనంతట తాను మాట్లాడింది. ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్ల రంగురంగుల కాగితం నా బల్ల మీద పెట్టింది. నజీర్‌కి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేస్తారట. స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు, అవసరాన్ని బట్టి రక్తంగానో కండరంగానో మారగలిగేవి. ఈ జబ్బుకు వాటితో వైద్యం ఇంకా పరిశోధనలోనే ఉంది. ఖాజా అప్పటికే ఎల్ఓసీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఖర్చు మేం భరిస్తామని ప్రభుత్వం ఆసుపత్రికి ఇచ్చే హామీ అది. రుజువు కాని వైద్యానికి ప్రజల సొమ్ము ఇవ్వలేమని తిప్పి పంపారు.

"సర్కారు ఇయ్యకుంటే మానె," అంది షమీమ్. "మా అబ్బా నా పేర రాసిచ్చిన జాగ ఉంది. అమ్ముత. రోగం నా కాణ్నుంచి వచ్చింది, నా జాగతోనే పోవాలె."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ కాగితం అచ్చువేసిన వాళ్ల మీద. మర్నాడు ఖాజాను కూడా రమ్మన్నాను.

"ఖాజా భాయ్, మీ నర్సరీల కొత్త జామాయిల్ క్లోన్ మొక్క తయారైతదనుకో. వెంటనే రైతులకు అమ్ముతరా?"

"ఎట్ల అమ్ముతం మేడం? ముందుగాల ట్రయల్ ప్లాటుల పెట్టాలె. తెగులుకు ఆగుతదా, గాలికి పడతదా, ఏండ్లకేండ్లు చూడాలె."

"చూడకముందే ఎవడన్నా బయట అమ్మితే?"

"దొంగ మొక్క అంటం."

"మరి ఇదేంది?"

ఖాజా తల వంచుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. తలుపు దగ్గరనుంచి షమీమ్ అంది:

"మొక్క ఎండితే ఇంకోటి నాటుతరు మేడం. గా ట్రయల్ అయ్యేదాంక నా కొడుకు ఆగుతడా?"

నేను ఆ కాగితాన్ని ఆమె వైపు జరిపాను.

అప్పుడు బల్ల మీదనుంచి నజీర్ గొంతు వినిపించింది. "నన్నెవలన్న అడిగిండ్రా? మేడం, గా సూదితోని నేను నడుస్తనా? ఉత్తమాటలు చెప్పకుండ్రి."

"నడుస్తవని నేను చెప్పలేను నజీర్. చెప్పేటోళ్లను నమ్మను."

"అయితే నాకొద్దు. అమ్మీ, జాగ అమ్మకు."

ఆ రోజుకు బేరం ఆగింది. కానీ ఆ కాగితాన్ని ఆమె పారేయలేదు, మడిచి సంచిలో పెట్టుకుంది. మిల్లు గేటు దగ్గర ఎవరో జాగ అడుగుతున్నారని అప్పుడప్పుడు వినేదాన్ని.

2018లో ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థ వాళ్లు ఖమ్మంలో క్యాంపు పెట్టారు. ఇలాంటి పిల్లల రక్తం తీసుకుని, దాన్నుంచి ల్యాబులో స్టెమ్ సెల్స్ తయారు చేసి, వాటితో కండరం పెంచి, దాని మీద మందులు పరీక్షిస్తారు. ఖర్చంతా సర్కారుది. ముగ్గురినీ నేనే బస్సెక్కించి తీసుకెళ్లాను. అప్పటికి నజీర్ వీల్‌చెయిర్‌లో ఉన్నాడు. దారి పొడవునా డ్రైవర్ బ్రేకులకు మార్కులు వేస్తూ కూర్చున్నాడు.

సైంటిస్టు ఒకావిడ. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. ఉన్నదున్నట్టు చెప్పింది. "దీనివల్ల మీ అబ్బాయికి నేరుగా ఏ లాభమూ ఉండదు. ఇది వైద్యం కాదు, పరిశోధన."

ఖాజా అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఇదెక్కడి న్యాయం మేడం? నా కొడుకు రక్తం సర్కారుకు పనికొస్తది, సర్కారు పైసలు నా కొడుక్కి పనికిరావా?"

హాల్లో ఉన్న తల్లిదండ్రులందరూ ఆవిడ వైపు చూశారు. వాళ్లందరి కడుపులో ఉన్న మాటే అది.

ఆవిడ తడబడలేదు. "మీ కోపం తప్పు కాదు. కానీ నేను ఖర్చుపెట్టేది మీ పన్నుల డబ్బు. ఫలితం వచ్చినా, రాకపోయినా అందరికీ చెప్పి తీరాలి. ఇంజెక్షన్ అమ్మేవాడికి ఆ బాధ్యత లేదు. పిల్లాడికి తగ్గకపోతే వెళ్లి తట్టడానికి మీకు తలుపు కూడా ఉండదు."

ఖాజా కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో, అలసిపోయాడో తెలియదు. అప్పుడు నజీర్ చెయ్యి ఎత్తబోయాడు. భుజం లేవలేదు, వేళ్లు మాత్రం ఎత్తి అడిగాడు.

"మేడం, గా రక్తంతోని ఇంకొకటి తెలుస్తదా? నా బీమారి మా అమ్మీ కాణ్నుంచి వచ్చిందా లేదా, తెలుస్తదా?"

ఆవిడ వాడి కుర్చీ దగ్గరికి వచ్చింది. "తెలుస్తుంది. మీ అమ్మ రక్తం కూడా ఇస్తే."

"అయితే నాది తీసుకోండ్రి."

షమీమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జరిగిపోయింది. "నాకొద్దు. ఒకవేళ నా కాణ్నుంచే అని తేలితే? అనుమానంతోనన్న బతుకుతున్న. అది రుజువైతే ఎట్ల బతకాలె?"

"తేలితే తేలనీ అమ్మీ," అన్నాడు వాడు. "గప్పుడు నేను వేరేవాళ్ల కొడుకునైతనా ఏంది?"

ఆమె ఏడుస్తూనే చెయ్యి చాపింది. నేను పక్కన నిలబడి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఉద్యోగంలో ఏడవకూడదని నేర్చుకున్నదంతా ఆ పూట మరిచిపోయాను.

కొన్ని నెలలకు రిపోర్టు వచ్చింది. సైంటిస్టే ఫోన్ చేసి నాకంతా వివరించింది, తర్వాత షమీమ్‌తోనూ మాట్లాడింది. నజీర్ జన్యువులో లోపం ఎక్కడుందో దొరికింది. షమీమ్ రక్తంలో అది లేదు. వాడు కడుపులో పడ్డప్పుడు కొత్తగా పుట్టిన మార్పు అది. కొందరు పిల్లల్లో అలా జరుగుతుంది. ఎవరూ తెచ్చింది కాదు.

"అంటే నా కాణ్నుంచి కాదా?" అని అడిగింది షమీమ్. కాదన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. బల్ల మీదనుంచి నజీర్, "నాటౌట్ అమ్మీ," అన్నాడు. ఆ తర్వాత ఆమె నోట జాగ అమ్మకం మాట నేను వినలేదు. క్లినిక్ కాగితం ఏమైందో నేను అడగలేదు.

నజీర్ 2022లో కన్నుమూశాడు. ఆ ప్రాజెక్టుకు అంతకుముందే నిధులు ఆగిపోయాయని విన్నాను. ఆశించిన మందు రాలేదు కాబట్టి కొనసాగించలేదట. పరిశోధనకు సర్కారు డబ్బు దండగ అని ఎవరైనా అంటే, ఒకప్పుడు నేనూ తలూపేదాన్నే. ఎదురుగా పిల్లలు బలం పోగొట్టుకుంటుంటే ఎక్కడో ల్యాబులో కణాలు పెంచడమేమిటని నాకూ ఉండేది. ఇప్పుడు ఊరుకోను. పోట్లాడతాను. మందు రాలేదు, నిజమే. కానీ ఒక తల్లి ఏళ్ల తరబడి మోసిన నింద ఆ డబ్బుతోనే దిగింది. ట్రయల్ అయ్యేదాకా కొడుకు ఆగుతాడా అన్న షమీమ్ ప్రశ్నకు మాత్రం ఏ ప్రభుత్వమూ ఇంకా జవాబు చెప్పలేదు. ఆ బాధ నాకు ఉండనే ఉంది.

రిపోర్టు వచ్చిన రోజు సంగతి ఇంకొంచెం ఉంది. కళ్లు తుడుచుకున్నాక షమీమ్ నన్ను ఒక్కటే కోరింది. "మేడం, నేను చెప్తే నమ్మరు. మా అత్తకు మీరొక్కసారి ఫోన్ల చెప్పుండ్రి."

ఎర్రుపాలెం ఫోన్ కలిపాను. నేనెవరో చెప్పుకుని, తెలుగులో ఎంత తేలిగ్గా చెప్పవచ్చో అంత తేలిగ్గా చెప్పాను. మీ కోడలి రక్తంలో ఈ జబ్బు లేదు, ఆమె తప్పేమీ లేదు అన్నాను. వినిపిస్తోందా అని అడిగాను.

"వింటన్నానమ్మా," అంది ముసలావిడ. "నా కోడలు అక్కడే ఉందా? దానికోసారి ఫోనివ్వు తల్లీ."