మా మేడం పుట్టింది నవంబర్ ఐదున

మా ల్యాబ్ మేడం పోయారని కాలేజీ గ్రూపులో వచ్చిన పోస్టరు చూసి తెలిసింది. తార్నాకలో బస్సు దిగుతూ చూశాను. పూలదండ, దీపం, మధ్యలో పాత ఐడీ కార్డులోని ఫొటో. కింద "జననం: మే 11" అని ఉంది. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. మేడం పుట్టింది నవంబర్ ఐదున. ఆమె బతికుండగా దిద్దని తప్పును పోయాక కూడా పూలదండ కింద అచ్చు వేశారు. ఇది ఆమె మీద ప్రేమతో రాస్తున్నాను. ఆ తప్పు చేసినవాళ్ళ మీద పగతో కూడా రాస్తున్నాను. రెండూ నిజమే.

మాది వీధి చివరన మూడంతస్తుల ప్రైవేటు డిగ్రీ కాలేజీ. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. మొదటి సంవత్సరం కంప్యూటర్ ల్యాబులో మేడం ఒక ప్రోగ్రాం రాయమన్నారు: అది నల్లటి తెర మీద పుట్టిన తేదీ అడగాలి, తప్పుగా కొడితే మళ్ళీ అడగాలి. నేను రాసి చూపించాను. ఆమె కొంగుతో కీబోర్డు తుడిచి, తేదీ అడిగిన చోట "రేపు" అని కొట్టారు. ప్రోగ్రాం ఆగిపోయింది. క్లాసంతా నవ్వింది.

"నీ ప్రోగ్రాం దగ్గరికి ముందు ఒక తాగుబోతును పంపించమ్మా. తర్వాత పెద్దమనిషిని పంపించు. తాగుబోతు తప్పు ఇట్టే తెలిసిపోతుంది. పెద్దమనిషి తప్పు ఒప్పులాగే ఉంటుంది" అన్నారు.

మరునాడు ఫిబ్రవరి ముప్పై కొట్టినా ఆగకుండా, తిప్పి అడిగేలా రాసుకొచ్చాను. మేడం కుర్చీ నా వైపు జరిపి, "ఈసారి మీ అమ్మగారి పుట్టినరోజు కొట్టు" అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది. మా అమ్మ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఇళ్ళపని చేస్తుంది. ఆమె ఏ రోజు పుట్టిందో ఎవరికీ తెలియదు. ఖాళీగా వదిలితే నా ప్రోగ్రామే ఒప్పుకోలేదు. చివరికి జనవరి ఒకటి కొట్టాను.

మేడం నా మొహం చూశారు. గొంతు తగ్గించి, "తెలియదు అనేది కూడా జవాబేనమ్మా. దానికి చోటివ్వు. తెలియనివాళ్ళ చేత అబద్ధం చెప్పించకు" అన్నారు. పక్కవాళ్ళకు వినపడనివ్వలేదు. అందుకు ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మేము చివరి సంవత్సరంలో ఉన్నప్పుడు కాలేజీవాళ్ళు సిబ్బంది వివరాలన్నీ కాగితాల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ ప్రోగ్రాం నెలను ముందు అడిగేది. ఆఫీసు సూపరింటెండెంటు తేదీని ముందు కొట్టుకుంటూ పోయారు. ఇరవయ్యో తేదీన పుట్టినవాళ్ళు బతికిపోయారు, ఇరవయ్యో నెల లేదు కాబట్టి తెర ఒప్పుకోలేదు. మేడం పుట్టిన తేదీ 05-11 మాత్రం చప్పుడు లేకుండా మే పదకొండు అయిపోయింది. అరవై నిండాయని ఆరు నెలల ముందే ఇంటికి పంపించారు. మా ప్రాజెక్టు అప్పటికి సగంలో ఉంది.

పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని మేడం ఆఫీసుకు వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. సూపరింటెండెంటు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"కంప్యూటర్ల గిట్లనే ఉన్నది మేడం. నేనేం జేస్త?"

"కొట్టింది మీరే కదండీ?"

"కొట్టినం. అది తీసుకున్నది గదా!"

అలా అంటూ ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. మేడం సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకున్నారు. మరుసటి వారం నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లో, లైబ్రరీ మెట్ల మీద, రెండు లాప్‌టాప్‌లతో మా బ్యాచ్ ప్రాజెక్టు పూర్తి చేయించారు. ఒక్కరిని కూడా వదిలెయ్యలేదు.

తర్వాత నేను అదే క్యాంపస్‌లో ఎంసీఏలో చేరాను. పాత ప్రోగ్రాం పాడైతే కొత్తది రాసిపెట్టమని కాలేజీవాళ్ళు నన్నే అడిగారు. ఒప్పుకున్నాను. మంచితనంతో కాదు. తప్పు తేదీ కొడితే "మీకు నెలలు కూడా రావా?" అని తెర మీద పడేలా రాసి, తార్నాకలో మేడం ఇంటికి తీసుకెళ్ళి చూపించాను. ఆమె కళ్ళజోడు తీసి నవ్వారు.

"తీసెయ్యవే పిచ్చిదానా. తిడితే ఒక్కసారే తిట్టగలవు. మర్యాదగా అడిగితే ఎన్నిసార్లయినా అడగొచ్చు."

తీసేశాను. దాని బదులు, నెలను అంకెతో కాకుండా పేరులోని మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలతో అడిగేలా మార్చాను. పాత వివరాలు తెరిచినా సరే, ప్రతి తేదీని ఇద్దరు వేర్వేరుగా కొట్టాలి, రెండూ కలవకపోతే ముందుకు పోదు.

మేడం పోయిన పది రోజులకు, ఆమెకు రావాల్సిన డబ్బులేవో తేల్చడానికి కాలేజీవాళ్ళు ఆమె వివరాలు తెరవాల్సి వచ్చింది. మేడం చెల్లెలు సర్టిఫికెట్ తెచ్చారు. క్లర్కమ్మ అది చూసి తన సీట్లో కొట్టింది. సూపరింటెండెంటు తన సీట్లో, ఏదీ చూడకుండా, 11 MAY అని కొట్టారు. ప్రోగ్రాం రాసింది నేనే కాబట్టి నన్నూ పిలిచారు, ఆయన వెనకే నిలబడ్డాను.

"రెండు తేదీలు కలవలేదు. దయచేసి సర్టిఫికెట్ చూసి మళ్ళీ కొట్టండి" అని తెర అడిగింది.

మళ్ళీ అదే కొట్టారు. తెర మళ్ళీ దయచేసి అడిగింది. మూడోసారీ అంతే. ఆఫీసులో అందరూ ఇటే చూస్తున్నారు.

"ఏందమ్మా ఇది, ఇడ్సిపెట్టదా? ఇప్పుడు గీ తేదీ మారిస్తె పోయినోళ్ళు తిరిగొస్తరా?"

"రారు సార్. అందుకే సరిగ్గ కొట్టండి."

ఆయన తప్పైందని అంటారని ఎదురుచూశాను. అనలేదు. నేనూ క్షమించలేదు, క్షమించాలని కూడా లేదు. కానీ మేడం చెల్లెలు సర్టిఫికెట్ ముందుకు జరిపితే, ఈసారి ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. దూరంగా పట్టుకుని చదివారు. ఐదు కొట్టారు. తర్వాత ఆయన చూపుడువేలు కీబోర్డు మీద గాల్లో ఆగి, N ఎక్కడుందో వెతుక్కుంటూ మెల్లగా అటూ ఇటూ తిరిగింది. ఎవరూ చూపించలేదు.