మెగ్గర్ మీద బొట్టు

ఫెయిలయ్యానని తెలిసిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. రాతపరీక్ష పాసట. ప్రాక్టికల్ ఫెయిలట. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు మనిషిగా ఏళ్ళ తరబడి వైర్లతోనే బతుకుతున్నవాణ్ణి నేను. చేపకు ఈత రాదని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది.

ఆ పరీక్ష సూపర్‌వైజర్ పర్మిట్ కోసం. అది ఉంటే కింద నిలబడి పని చేయించవచ్చు. లేకపోతే పైకెక్కి పని చెయ్యాలి. ఈ పరీక్ష గురించి మా అమ్మకు తెలిసింది ఆ ఒక్క ముక్కే, కానీ ఆమెకు అది చాలు. మా నాన్న కూడా వైర్‌మనే. విజయవాడ వన్ టౌన్‌లో ఒక గోడౌనులో ఆయన తీగ పట్టుకుని ఉండగా ఎవరో చూసుకోకుండా మెయిన్ వేశారు. అప్పుడు నేను ఐటీఐ చదువుతున్నాను. ఆయన సామాన్లలో నేను దాచుకున్నది తోలు తొడుగులో ఉన్న పాత మెగ్గర్ ఒక్కటే. దాన్ని వైరింగుకు తగిలించి పిడి తిప్పితే, కరెంటు ఎక్కడైనా లీకవుతోందో లేదో ముల్లు చూపిస్తుంది.

నాన్న పోయాక అమ్మ తనని తాను వెలివేసుకుంది. నేను పనికి బయలుదేరే వేళకు, ఎక్కడ ఎదురొస్తానోనని వంటింట్లోకి వెళ్ళిపోయేది. దసరాకు పనిముట్లకు బొట్లు పెట్టడం మా ఇంట్లో మొదటినుంచీ ఉంది. నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మే పెట్టేది. ఆ తర్వాత వాటిని ముట్టుకోవడం మానేసింది. "నా చేత్తో వద్దులేరా" అనేది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. అరిచేవాణ్ణి. ఆమె మాత్రం మారలేదు. నా పెళ్ళయ్యాక ఆ పని నా భార్య చేతికి వెళ్ళింది.

పరీక్ష వచ్చిన ఏడు నా భార్య కానుపుకు పుట్టింటికి వెళ్ళింది. దసరాకు కటింగ్ ప్లేయరుకూ స్క్రూడ్రైవర్లకూ నేనే బొట్లు పెట్టాను. మెగ్గర్‌ను మాత్రం అంతకుముందే సరిచూసి తొడుగులో భద్రం చేశాను. పరీక్షకు పట్టుకెళ్ళే వస్తువును కదపడం ఎందుకనుకున్నాను.

పరీక్ష నాడు ముసురు. షెడ్డులో చూరు కారుతోంది. బోర్డు వైరింగు చేసి, మెగ్గర్‌తో కొలిచి, దానికి కరెంటు ఇవ్వచ్చో లేదో రాసివ్వాలి. మెగ్గర్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నా వైరింగు చూసి ఎగ్జామినర్ తల కూడా ఊపాడు. తీరా పిడి తిప్పితే ముల్లు అడుగునే కొట్టుకుంటోంది. లీకేజీ అన్నమాట. జాయింట్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను. అదే తంతు. మీటరును విడిగా చూద్దామనుకునేలోపు టైమైపోయింది. కంటికి కనిపించిందే రాశాను: లీకేజీ ఉంది, కరెంటు ఇవ్వకూడదు. తర్వాత ఎగ్జామినర్ తన మెగ్గర్ పెట్టి చూస్తే వైరింగు నిక్షేపంలా ఉంది. మంచిదాన్ని చెడ్డదన్నందుకు నన్ను ఫెయిలు చేశారు.

మళ్ళీ పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. ఈలోగా మా కాంట్రాక్టరు దగ్గర ఖాళీ అయిన సూపర్‌వైజరు పని వేరొకరికి వెళ్ళిపోతుంది. అందుకే ఈ పరీక్షలు పెట్టే విజయవాడ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. అక్కడి గుమస్తా నన్ను దేవుడి దాకా పోనిస్తేగా! "ప్రాక్టికల్‌కి రీవాల్యుయేషన్ ఉండదండీ, ఎన్నిసార్లు చెప్పాలండీ" అని, వెళ్ళినప్పుడల్లా అదే పాట. చివరికి ఒకరోజు నేను గొంతు పెంచితే లోపలి నుంచి అధికారే బయటికి వచ్చాడు. పెద్దమనిషి. కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"మీ మీటరులోనే తేడా ఉందంటారా? అయితే బాగుచేయించకుండా ఉన్నది ఉన్నట్టు పట్రండి. నిజమని తేలితే మళ్ళీ ప్రాక్టికల్ పెట్టిస్తాను" అన్నాడు.

పరీక్ష నుంచి వచ్చిన రోజే కోపంతో మెగ్గర్‌ను అటక మీద పడేశాను. ఇంటికెళ్ళి దాన్ని దించి, తోలు తొడుగు పూర్తిగా విప్పాను. వైర్లు తగిలించే మరలు రెండూ పక్కపక్కనే కళ్ళలా ఉంటాయి. సరిగ్గా ఆ రెంటి మధ్య, తోలు పైకెత్తితేగాని కనబడని చోట, నుదుటికి పెట్టినట్టు దట్టంగా పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఆ పసుపు ముసురుకి తేమ పట్టి, తోలు కింద ఆరకుండా ఉండిపోయినట్టుంది. కరెంటు ఈ మర నుంచి ఆ మరకు బొట్టు మీదుగా నడిచిపోయింది. వైర్లేమీ తగిలించకుండా పిడి తిప్పాను. పైన నిలవాల్సిన ముల్లు అడుక్కి పడిపోయింది.

గెలిచాననుకున్నాను. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. మర్నాడు దాన్ని గుడ్డలో చుట్టుకుని మొదటి బస్సెక్కాను.

అధికారి స్వయంగా పిడి తిప్పి చూశాడు. బొట్టు చూసి నవ్వాడు కూడా. ఆ తర్వాత నవ్వు ఆపి, "నేను నమ్ముతానండీ, కానీ పైవాళ్ళు నమ్మాలిగా. రిజల్టు వచ్చాక పసుపు పూసుకొచ్చాడంటే నేనేం చెప్పను? ఇది పెట్టిందెవరో, ఎప్పుడు పెట్టారో వాళ్ళనే వచ్చి చెప్పమనండి. రాసుకుని సంతకం తీసుకుంటాను. ఇంతకీ ఎవరు పెట్టారు?" అన్నాడు.

చెప్పబోయి ఆగిపోయాను. దసరాకు ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

నేను పరీక్షకు వెళ్తున్నానని, ఇన్నేళ్ళ తర్వాత, నాకు తెలియకుండా, అమ్మ ఆ తొడుగు పైకెత్తి తన చేత్తో బొట్టు పెట్టింది. ఇప్పుడు ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టి, నీ బొట్టు వల్లే నీ కొడుకు తప్పాడని చెప్పి వేలిముద్ర వేయించుకోవాలి. నా చేత్తో వద్దురా అని ఏళ్ళుగా అంటున్న మనిషితో, నువ్వన్నది నిజమేనమ్మా అని సర్కారు ముద్ర కొట్టించి చెప్పాలి.

"కనుక్కుని వస్తానండీ" అన్నాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఇంటికి రాగానే పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని తడిగుడ్డతో ఆ బొట్టు తుడిచాను. పసుపు మరల సందుల్లో దిగి ఒక పట్టాన వదల్లేదు. మీటరును ఎండలో ఆరబెట్టి లోపలికి తెచ్చేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది.

"ఏమన్నార్రా?"

"తప్పు నాదేనమ్మా. ముల్లు సరిగ్గా చూసుకోలేదు."

అమ్మ చాట పక్కన పెట్టింది. "మరి సూపర్‌వైజరు పని?"

"వేరేవాళ్ళకిస్తారు."

"అంటే మళ్ళా పైకెక్కుడేనా?" అంది. నేను మెగ్గర్‌ను తొడుగులో పెట్టబోతుంటే గొంతు పెరిగింది. "మీ నాన్నయితే అట్టా చూసుకోకుండా రాసేవాడు కాదు. ఎప్పుడూ లేంది, ఈసారి దానికి నేనే బొట్టు పెట్టాను, తెలుసా? నీకు చెప్పలా. నా చెయ్యి తగిలితే ఏం కీడవుద్దోనని పరీక్ష నాడు నువ్వొచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలా. నా వల్ల ఏం కాలేదు. అంతా సక్కంగా ఉంటే నువ్వే చెడగొట్టుకున్నావు కదరా!"

"అవునమ్మా" అన్నాను.

ఆమె చాలాసేపు తిట్టింది. అంత ధైర్యంగా, అంత పెద్దగొంతుతో అమ్మ మాట్లాడటం నాన్న పోయాక అదే మొదటిసారి.

మర్నాడు సేఫ్టీ బెల్టు భుజాన వేసుకుని పనికి బయలుదేరాను. అమ్మ వంటింట్లోకి వెళ్ళలేదు. నాకెదురుగా వచ్చి, గడపలో నిలబడి, "జాగర్తరా" అంది.